మాట హిందీ, కాగితం అరబ్బీ

అరబ్బీ ఒక్క ముక్క రాకపోయినా దుబాయిలో పని దొరుకుతుంది. చేసిన పనికి రావాల్సింది అడగాల్సి వచ్చినప్పుడే అసలు చిక్కు

దుబాయి నగరాన్ని రెండుగా చీల్చే ఉప్పునీటి పాయను స్థానికులు ఖోర్ అంటారు. మిగతా ప్రపంచానికి అది క్రీక్. ఒక ఒడ్డున బర్ దుబాయి, ఎదుటి ఒడ్డున దేరా. వాటి మధ్య అబ్రాలనే చెక్క పడవలు పొద్దున మొదలుపెట్టి రాత్రి పొద్దుపోయేదాకా తిరుగుతూనే ఉంటాయి. ఒక్క దిర్హాం నాణెం పడవ నడిపే మనిషి చేతిలో పెడితే ఐదు నిమిషాల్లో అవతలి ఒడ్డున దింపుతాడు. ఇరవై మంది పట్టే ఆ పడవలో చెవి ఒగ్గి వింటే మలయాళం, బెంగాలీ, పష్తో, తగలాగ్, నేపాలీ వినిపిస్తాయి. ఓ మూల కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ల మధ్య కరీంనగర్ యాస కూడా. పడవ నడిపే మనిషితో మాత్రం అందరూ మాట్లాడేది హిందీయే. ఆ ప్రయాణంలో దాదాపుగా వినపడని భాష ఒకటుంది. అది ఆ దేశపు అధికార భాష అరబ్బీ.

ఇందులో వింతేమీ లేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జనాభాలో స్థానిక పౌరులు దాదాపు పదో వంతు మాత్రమే. ఒక్క భారతీయులే 35 లక్షలకు పైగా ఉన్నారు. దుకాణాల బోర్డులు, ట్రాఫిక్ చలాన్లు, కోర్టు కాగితాలు, కంపెనీ ముద్రలు అన్నిటి మీదా అరబ్బీ ఉంటుంది. నోటి మాట మాత్రం ఎక్కువగా హిందీ లేదా ఉర్దూ, కాస్త పైమెట్టు మీద ఇంగ్లిష్. అందుకే జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో దుబాయి వీసా ఇప్పిస్తానని వచ్చే ఏజెంటు భాష సంగతి ఎత్తడు. వయసెంత, పాస్‌పోర్టు ఉందా, డబ్బు ఎప్పటికి సర్దుతావు అనే అడుగుతాడు. భాష రాదని పని ఇవ్వకపోవడం దుబాయి కూలీ మార్కెట్లో అరుదు. ఆ లోటుకు మూల్యం చెల్లించేది తర్వాతే.

రూపాయి చెల్లిన రేవు

దుబాయిలో హిందీ నిన్నమొన్న వచ్చింది కాదు. చమురు దొరకక ముందు ఈ రేవు ముత్యాల మీద, బొంబాయి వ్యాపారం మీద బతికింది. 1960ల దాకా ఇక్కడ చెలామణి అయింది భారత రూపాయే. బంగారం దొంగ రవాణాతో రూపాయలు పెద్ద ఎత్తున బయటికి పోతున్నాయని 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం విడిగా నోట్లు అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించడంతో గల్ఫ్ రాజ్యాలు దానికి వీడ్కోలు చెప్పాయి. దుబాయి తీరంలో చమురు బయటపడిందీ ఆ ఏడాదే. 1971 డిసెంబర్ 2న ఎమిరేట్స్ ఒక దేశంగా ఏర్పడింది. 1973లో సొంత నాణెం దిర్హాం వచ్చింది.

రూపాయి పోయినా మాటలు మిగిలాయి. ఫ్యాను అక్కడి అరబ్బులకు బంకా. అది మన పంఖాయే, అరబ్బీలో ‘ప’ లేదు కాబట్టి ‘బ’ అయింది. చెప్పులు, బూట్లు జూతీ. టాక్సీ డ్రైవర్‌కు నేరుగా వెళ్లమని చెప్పాలంటే ‘సీదా’ అంటే చాలు. ప్రతి వీధి మలుపులో అమ్మే చిక్కటి పాల టీ కరక్. అది మనకు తెలిసిన కడక్ చాయే.

ఈ ఊళ్లో తెలుగువాళ్లకన్నా ముందు పాతుకున్నది మలయాళీలు. కిరాణా కొట్లు, కెఫెటేరియాలు, ఆఫీసుల్లో గుమాస్తా ఉద్యోగాలు వాళ్ల చేతికొచ్చాయి. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో రావడం తర్వాతి మాట. బోర్లు ఎండిన పొలాలు, మూతపడుతున్న మగ్గాలు, తీరని అప్పులు కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల మగవాళ్లను గల్ఫ్ దారి పట్టించాయి. వాళ్లలో ఎక్కువ మందికి దొరికింది కట్టడం పని. హెల్పర్, మేస్త్రీ, స్టీల్ ఫిక్సర్, షట్టరింగ్ కార్పెంటర్. పైన ఆజ్ఞలిచ్చేవాడు కేరళ నుంచో, పంజాబ్ నుంచో, పాకిస్థాన్ నుంచో వచ్చినవాడు. అతని మాట అర్థం కావడానికి అరబ్బీ అక్కర్లేదు, హిందీ కావాలి.

మొదటి పాఠం

కాబట్టి దుబాయి చేరిన తెలుగు కూలీ ముందుగా నేర్చుకునే విదేశీ భాష మన దేశపు భాషే. ఇక్కడ తెలంగాణవాడికి ఓ అడుగు ముందున్న వెసులుబాటు ఉంది. ఊరి సంతలో, బస్టాండులో, హైదరాబాద్ అడ్డా మీద చెవిన పడ్డ దక్కనీ ఉర్దూ ఎంతోకొంత పనికొస్తుంది. కోనసీమ కుర్రాడికి ఆ ఆసరా లేదు. మొదటి రెండు నెలలు అతను చూపుతో పని నేర్చుకుంటాడు. పక్కవాడు ఏ పనిముట్టు అందుకుంటే అదే అందుకుంటాడు, అందరూ నవ్వితే నవ్వుతాడు. ఆరు నెలలు తిరిగేసరికి హిందీ సినిమాలు, గదిలో ఉన్న బీహారీ, సైట్‌లో తిట్టే ఫోర్‌మన్ కలిసి అతన్ని గట్టెక్కిస్తారు. రెండేళ్ల తర్వాత సెలవుకు ఇంటికొచ్చి హిందీలో ఫోన్ మాట్లాడుతుంటే ఊళ్లో అది అరబ్బీ అనుకునేవాళ్లూ ఉంటారు.

అసలు అరబ్బీలో చాలా మాటలు మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. హక్కు, వకీలు, జవాబు, తారీఖు, హాజరు, జామీను అన్నీ అరబ్బీ మూలం నుంచి పారశీ, ఉర్దూల మీదుగా కచేరీ భాషగా తెలుగులోకి నడిచొచ్చినవే. హైదరాబాద్‌లో మునిసిపాలిటీని బల్దియా అంటారు. దుబాయి మునిసిపాలిటీ బోర్డు మీద అరబ్బీలో ఉన్నదీ దాదాపు అదే మాట. అయితే మాట ఒకటైనా అర్థం ఒకటి కావాలని లేదు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. అరబ్బీలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, దావా వేసినవాడు. జీతం కోసం కోర్టుకెక్కిన తెలుగువాడు తనను ఆ మాటతో పిలవడం వింటే నేరం తన మీదికే వచ్చిందని హడలిపోడా?

మాఫీ ముష్కిల్

స్థానికుడితో నేరుగా మాట్లాడాల్సి వచ్చినప్పుడు గల్ఫ్‌లో మరో భాష పుడుతుంది. భాషా శాస్త్రవేత్తలు దాన్ని గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీ అన్నారు. దాని మీద జె.ఆర్. స్మార్ట్ తొలి అధ్యయనం 1990లో వచ్చింది. వలస కూలీకి అర్థం కావాలని అరబ్బు తన భాషను విరగ్గొడతాడు. ఆ విరిగిన ముక్కల్నే కూలీ ఏరుకుని తిరిగి మాట్లాడతాడు. అందులో క్రియలకు రూపాలు లేవు, కాలాలు లేవు. ‘అనా’ అంటే నేను, ‘ఇంతా’ అంటే నువ్వు, ‘రూహ్’ అంటే పోవడం, ‘సవ్వీ’ అంటే చేయడం, ‘బుక్రా’ అంటే రేపు. ‘అనా రూహ్ బుక్రా’ అంటే రేపు వెళ్తాను. ఏదైనా ఉంటే ‘ఫీ’, లేకపోతే ‘మాఫీ’. ‘మాఫీ ముష్కిల్’ అంటే ఇబ్బందేమీ లేదు. కొత్తగా వచ్చిన తెలుగువాడికి మాఫీ అనగానే రుణమాఫీ గుర్తొస్తుంది. ముదీర్, అంటే మేనేజర్, ‘ఫులూస్ మాఫీ’ అన్నప్పుడు రద్దయింది అప్పు కాదని, ఈ నెల డబ్బుల్లేవని తెలియడానికి కొంత కాలం పడుతుంది.

ఈ వంద, రెండు వందల మాటలతో సామాను మోయొచ్చు, కారు తుడవొచ్చు, తోటకు నీళ్లు పెట్టొచ్చు, కూరగాయల బేరమాడొచ్చు. ‘ఒప్పందంలో రాసిన జీతం ఒకటి, మీరిస్తున్నది ఒకటి, తేడా ఎందుకొచ్చింది’ అని అడగాలంటే మాత్రం ఈ భాష నడుం విరుగుతుంది. ఆజ్ఞ ఇవ్వడానికి, అందుకోవడానికి పుట్టిన భాష అది. వాదించడానికి పుట్టలేదు.

అరబ్బీ నిజంగా నేర్చిన తెలుగువాళ్లను చూడాలంటే దుబాయి సైట్లను వదిలి కువైట్ ఇళ్లలోకి చూడాలి. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన ఆడవాళ్లు అక్కడ వంట చేస్తారు, పిల్లల్ని పెంచుతారు. నాలుగ్గోడల మధ్య వాళ్లకు హిందీవాడు దొరకడు, మలయాళీ దొరకడు. పిల్లాడికి అన్నం తినిపించాలన్నా, ముసలామెకు మందు వేయాలన్నా అరబ్బీయే గతి. బడి మొహం పెద్దగా చూడని మనిషి ఏడాది తిరిగేసరికి ఇంటి అరబ్బీ ధారాళంగా మాట్లాడుతుంది. ఇరవై ఏళ్లు దుబాయిలో మేడలు కట్టినవాడికి రాని భాష ఆమెకొచ్చింది. చుట్టూ తెలిసిన మాట ఒక్కటీ వినపడనంత ఒంటరితనం ఆమెకు గురువైంది. ఇంట్లో పనిచేసేవాళ్ల పని గంటలు, సెలవు గురించి కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. ఆ చట్టం ఆమె మాట్లాడే భాషలోనే ఉంది. కానీ ఆమెకు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు.

సోనాపూర్ సాయంత్రం

మళ్లీ దుబాయికి వద్దాం. షార్జా సరిహద్దు దాపున ముహైస్నా-2 అనే పేట ఉంది. కూలీలు దాన్ని సోనాపూర్ అంటారు. హిందీలో బంగారు ఊరు. సాయంత్రం అయ్యేసరికి తెల్లటి బస్సులు వరసగా వచ్చి ఆగుతాయి. సిమెంటు అంటిన బూట్లు, చేతిలో టిఫిన్ డబ్బా, మెడలో చెమట గుడ్డతో మనుషులు దిగుతారు. క్యాంపు గదుల్లో ఒకదానిపై ఒకటి మంచాలు. గదుల వరసలూ వంటిళ్లూ చాలాచోట్ల భాషల వారీగా విడిపోయి ఉంటాయి. చింతపండు పులుసు ఘుమఘుమను బట్టి తెలుగు గది ఎటువైపో చెప్పొచ్చు. కంపెనీ పంపకంలో కాకపోయినా గదులు మార్చుకుని, బతిమాలుకుని మన జిల్లా మనుషులంతా ఒకచోట చేరతారు. పొద్దంతా హిందీ, పిడ్జిన్ మోసిన నాలుకకు అక్కడే విశ్రాంతి.

ప్రతి తెలుగు గదిలో ఒక చదువరి ఉంటాడు. ఇంటరో, ఐటీఐయో చదివి, ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కోగలిగినవాడు. ఆ గదికి కాగితాల పెద్ద అతనే. ఏ మెసేజ్ వచ్చినా, ఏ కార్డు గడువు ముగుస్తున్నా, ఆస్పత్రిలో మందుల చీటీ ఇచ్చినా ‘అన్నా, ఇదేందో జూడే’ అంటూ అతని మంచం దగ్గరికి వస్తారు. అతనికీ తెలియకపోతే ఊళ్లోని టైపింగ్ సెంటర్ దిక్కు. చాలాచోట్ల మలయాళీ నడిపే చిన్న గది అది. కూలీ హిందీలో చెప్పింది విని, అరబ్బీ దరఖాస్తుగా టైపు చేసి రుసుము తీసుకుంటారు. తను చెప్పిందీ, కాగితం మీద పడిందీ ఒకటేనా కాదా అన్నది చెప్పినవాడికి తెలిసే వీల్లేదు. సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపిస్తారు, అతను పెడతాడు.

పదకొండులో లేని భాష

సంతకం సంగతి దుబాయి ప్రభుత్వానికీ తెలుసు. స్వదేశంలో చూపిన ఉత్తరం ఒకటి, ఇక్కడికొచ్చాక సంతకం పెట్టించే ఒప్పందం ఒకటి కావడం గల్ఫ్ వలసలో పాత మోసం. దాన్ని ఆపడానికి ఎమిరేట్స్ కార్మిక శాఖ 2016 నుంచి కొత్త పద్ధతి తెచ్చింది. కూలీ తన దేశం వదలక ముందే నమూనా ప్రకారం ఉన్న ఆఫర్ లెటర్ చూసి సంతకం చేయాలి. ఆ లెటర్‌లో ఉన్నదే తర్వాత ఒప్పందంలోనూ ఉండాలి. అరబ్బీ, ఇంగ్లిష్ పక్కన కార్మికుడికి తెలిసిన మూడో భాషలో కూడా అది ఉండాలి. అందుకోసం మొత్తం 11 భాషల్లో నమూనాలు సిద్ధం చేశారు. అరబ్బీ, ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం, నేపాలీ, సింహళం, చైనీస్, దరీ. ఆ జాబితాలో తెలుగు లేదు.

దశాబ్దాలుగా ఆ నగరానికి రాళ్లెత్తిన జిల్లాలున్న భాష అది. మలయాళీల పలుకుబడి, తమిళుల సంఖ్య ఆ భాషల్ని అక్కడ నిలబెట్టి ఉండొచ్చు. తెలుగువాడికి హిందీ వచ్చు కదా అని సరిపెట్టుకునీ ఉండొచ్చు. కానీ అతనికి వచ్చింది మాట్లాడే హిందీ. దేవనాగరి లిపి చదవగలిగే నిర్మల్ రైతుకూలీలు ఎంతమంది? మొదటి పాఠంగా నేర్చిన భాష కాగితం దగ్గర కొరగాకుండా పోతుంది. ఒప్పందంలోని భాషల మధ్య తేడా వస్తే చెల్లేది అరబ్బీ పాఠమే.

పని మనిషి పక్షాన అక్కడి చట్టంలో చాలానే ఉంది. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం నియామకం ఖర్చు కూలీ నుంచి వసూలు చేయకూడదు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోకూడదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. జీతం 2009 నుంచి బ్యాంకు, ఎక్స్ఛేంజ్‌ల ద్వారానే చెల్లించాలి. ఈ చివరిది కూలీలకు చేసిన మేలు ఎక్కువ. ఖాతాలో పడ్డ మొత్తం అంకెల్లో ఉంటుంది, అంకెకు అనువాదం అక్కర్లేదు. జీతం ఎగ్గొడితే ముందు కార్మిక శాఖకు ఫిర్యాదు చేయాలి. 2024 నుంచి 50 వేల దిర్హాముల లోపు వివాదాల్లో శాఖే తీర్పు చెప్పొచ్చు. లక్ష దిర్హాముల లోపు దావాకు కూలీ కోర్టు ఫీజు కట్టనక్కర్లేదు. అబుదాబి కోర్టులు 2019 ఫిబ్రవరిలో కార్మిక దావాల పత్రాలకు హిందీని మూడో భాషగా చేర్చాయి. ఒక్కో మెట్టూ కూలీకి దగ్గరవుతోంది. కానీ అన్ని మెట్లకూ ముందున్న మెట్టు, అంటే తన కాగితంలో ఏముందో తను తెలుసుకోవడం, తెలుగువాడికి ఇంకా పక్కవాడి దయే.

ఖల్లివెల్లి

అది తెలియనివాడికి గల్ఫ్ ఒక మాట నేర్పింది. ‘ఖల్లివెల్లి’. అరబ్బీలో పోనీ, వదిలెయ్ అని దాని భావం. తెలంగాణ పల్లెల్లో మాత్రం అది ఒక స్థితి పేరు. ‘ఫలానావాడు ఖల్లివెల్లి అయిండు’ అంటే కంపెనీ వదిలి పారిపోయాడు, కాగితాల్లేకుండా బయట పని చేసుకుంటున్నాడు అని అర్థం. చెప్పిన జీతం రాక, అడిగే నోరు లేక, అప్పు మీద వడ్డీ ఆగక చాలామంది ఆ దారి పడతారు. బయట రోజుకూలీ కొంచెం ఎక్కువే రావొచ్చు. కానీ జబ్బు చేసినా, యాక్సిడెంట్ అయినా, ఇంట్లో చావు కబురు వచ్చినా కదల్లేడు. యజమాని పారిపోయాడని ఫిర్యాదు చేస్తే ఆ ఫిర్యాదు ఉండేదీ అరబ్బీలోనే. 2007లో, 2018లో, చివరగా 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఎమిరేట్స్ ఆమ్నెస్టీ ప్రకటించింది. అలాంటివాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవడానికో, కాగితాలు సరిచేసుకోవడానికో వీలిచ్చింది. అలాంటి అవకాశం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే తెలుగు గదులు ఉన్నాయి.

బయల్దేరే ముందు

మన వైపు ఏర్పాట్లూ ఉన్నాయి. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. లైసెన్సున్న ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదు. అనుమతితో వెళ్లేవాళ్లకు పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా వర్తిస్తుంది. ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో విదేశీ ఉద్యోగాల కోసం టామ్‌కామ్ అనే సంస్థ పెట్టింది. ఇవన్నీ విజిట్ వీసా మీద విమానం ఎక్కించే ఏజెంటు ముందు వెలవెలబోతాయి. ఎందుకంటే పర్యాటకుడిగా వెళ్లేవాడిని ఏ ప్రొటెక్టరూ ఆపడు, ఏ ఆఫర్ లెటరూ అడగడు.

వెళ్లక తప్పనివాళ్లు చేయగలిగింది కొంత ఉంది. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా డబ్బు కట్టకూడదు. అది వచ్చాక జీతం, అలవెన్సు, పని గంటలు, హోదా ఈ నాలుగింటిని ఊళ్లో చదువుకున్న ఎవరితోనైనా తెలుగులో ఒక కాగితం మీద రాయించుకోవాలి. అసలు లెటర్‌కు ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపాలి. ఇప్పుడు ఫోన్ కెమెరా పెడితే అరబ్బీ అక్షరాల్ని తెలుగులో చూపే అప్లికేషన్లు ఉన్నాయి. తప్పులు చేసినా మోసం ఎక్కడుందో పసిగట్టడానికి పనికొస్తాయి. ఆపదొస్తే ఎమిరేట్స్‌లో భారత దౌత్య కార్యాలయం ఆధ్వర్యంలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 80046342 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఏ సంతకమైనా అడిగిన వెంటనే పెట్టేయకుండా ఒక రాత్రి గడువు కోరొచ్చు. దానికి పిడ్జిన్‌లోనూ మాట ఉంది, ‘బుక్రా’.

మిగిలింది ప్రభుత్వాలు చేయాల్సిన పని. రెండు తెలుగు రాష్ట్రాలకూ గల్ఫ్ వలసల మీద విభాగాలున్నాయి, గల్ఫ్ ఓట్ల మీద ఎన్నికల హామీలున్నాయి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి ఐదు లక్షల రూపాయల సాయం అందించాలని తెలంగాణ 2024లో నిర్ణయించింది. అది మనిషి పోయాక వచ్చే డబ్బు. ఆఫర్ లెటర్ నమూనా తెలుగులో కావాలని ఢిల్లీ ద్వారా అడిగి, అనువదించి ఇచ్చి, ఆ జాబితాలో పన్నెండో భాష చేర్పించడానికి అంత ఖర్చు కాదు. సోనాపూర్ గదిలో మంచం మీద కూర్చున్న చదువరికి కొంత పని తగ్గుతుంది. అతని చుట్టూ చేరినవాళ్లు తమ జీతం ఎంతో తామే చదువుకుంటారు.